మంట సరే, ఎవరికి?

పసుపు, మక్కలు, వడ్లు, మిర్చి ఏ కాలానికి ఆ సరుకుగా కేసముద్రం మార్కెట్ యార్డుకు చేరుతుంటాయి. ఎండాకాలం ముంగిట మిర్చి బస్తాలు దిగే రోజుల్లో లోపలికి అడుగుపెట్టినవాళ్ళకు సరుకు కంటపడే లోపే ఘాటు తగులుతుంది. ముక్కు చుర్రుమంటుంది, కళ్ళు నీళ్ళు తిరుగుతాయి, తుమ్ము మీద తుమ్ము. కొత్తవాడు రుమాలు వెతుక్కుంటుంటే, పక్కనే బస్తాలోంచి పిడికెడు కాయలు తీసి రంగు, తేమ, తాలు చూస్తున్న ఖరీదుదారు అసలేమీ జరగనట్టే ఉంటాడు. అది అలవాటు. తోటల్లో కాయ ఏరే ఆడకూలీల సంగతి వేరు. పగలంతా పనిలో పెద్దగా తెలియదు. రాత్రి అన్నం తిని నడుం వాల్చబోయే వేళకు వేళ్ళ సందుల్లో మొదలవుతుంది. మరిచిపోయి కళ్ళు నలుపుకున్నారో, ఇక ఆ రాత్రి నిద్ర లేనట్టే.

ఈ మంటలో ఒక తిరకాసు ఉంది. అక్కడ నిప్పు లేదు, చర్మం కాలడమూ లేదు. మిరపలోని క్యాప్సైసిన్ అనే పదార్థం ఏ నరాల తలుపు తడుతుందో 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడికి తెరుచుకునే తలుపే అది. ఆ పరిశోధనకు 2021లో నోబెల్ వచ్చింది. అంటే కూలిమనిషి చేయి కాలుతోందని నరం మోసుకొచ్చే కబురు తప్పు. మంట మాత్రం ముమ్మాటికీ నిజం. ఒకే అనుభవంలో తోసిపుచ్చలేనిది ఒకటి, నమ్మడానికి వీల్లేనిది ఒకటి కలిసి వస్తున్నాయి. మరి ఆ మంటతో పాటే వచ్చే 'నాకు' అన్న భావం ఈ రెండింటిలో ఏ కోవలోది? అది మంటలోనే ఉందా, లేక వేడి కబురులాగే వెనకాల అతుక్కుందా?

ఇది తీరిక ఉన్నవాళ్ళ పట్నం ప్రశ్న అనుకుంటే పొరపాటు. తెలుగు నేల మీద దీని వయసు రెండువేల ఏళ్ళ పైమాటే.

పాలీ సుత్తనిపాతంలో పారాయనవగ్గం అని ఒక భాగం ఉంది. గోదావరి ఒడ్డున, అస్సక రాజ్యంలో ఆశ్రమం కట్టుకున్న బావరి అనే వృద్ధ బ్రాహ్మణుడు తన పదహారు మంది శిష్యుల్ని బుద్ధుడి దగ్గరికి పంపిన కథ అది. ఆ ఆశ్రమం నిర్మల్ జిల్లా ఖానాపూర్ దగ్గరి బాదనకుర్తి అని కొందరు తెలంగాణ చరిత్రకారులు గుర్తించారు. శిష్యులు ప్రతిష్ఠానం, ఉజ్జయిని, విదిశల మీదుగా మగధకు నడిచి వెళ్ళి తలా ఒక ప్రశ్న అడిగారు. పదిహేనోవాడు మోఘరాజు. రెండుసార్లు అడిగినా జవాబు రాలేదని నిష్ఠూరమాడి మరీ మూడోసారి అడుగుతాడు: లోకాన్ని ఎలా చూస్తే మృత్యువు కంట పడకుండా ఉండొచ్చు? 'నేను' అన్న దృష్టిని పెకలించి, లోకాన్ని శూన్యంగా చూడమన్నది బుద్ధుడి సమాధానం. గమనించాల్సింది 'ఎలా చూస్తే' అన్న మాట. ఆత్మ ఉందా లేదా చెప్పమని మోఘరాజు అడగలేదు. చూసే తీరు అడిగాడు. ఈ చర్చ మొత్తంలో అంత సూటి ప్రశ్న మళ్ళీ పుట్టలేదనే చెప్పాలి. తర్వాత వచ్చినవాళ్ళు చాలామంది 'ఎలా చూడాలి'ని వదిలేసి 'ఉందా, లేదా' దగ్గర కొట్టుకున్నారు.

ఆ కొట్లాట బౌద్ధుల మధ్య కూడా తక్కువేం కాదు. మనుషుల్లో 'పుద్గలుడు' అనే ఒకడు ఉన్నాడని వాదించిన బౌద్ధ శాఖలున్నాయి. వారిని ఖండించే వాదంతోనే కథావత్థు గ్రంథం మొదలవుతుంది. కృష్ణా లోయలో, తర్వాతి కాలంలో ఇక్ష్వాకుల విజయపురిలో, సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో విహారాలు వెలసినప్పుడు వాటి మండపాల్లో నానిన విషయాల్లో ఇదీ ఒకటి అయ్యుంటుంది.

నాగార్జునాచార్యుడి మూలమధ్యమక కారికల్లో తొమ్మిదో ప్రకరణం పూర్తిగా ఈ ముడి మీదే నడుస్తుంది. చూడటం, వినటం, బాధ తెలియటం ఇవన్నీ మొదలవక ముందే, వాటిని అనుభవించడానికి ఒకడు కాచుకుని కూర్చున్నాడా అని ఆయన అడుగుతాడు. ఉన్నాడంటే, చూపూ వినికిడీ లేకుండా వాడు ఉన్నట్టు ఎలా తెలిసింది? చూసేవాడు, వినేవాడు, బాధపడేవాడు ఒక్కడే అయితే ప్రతి పనికీ ముందే వాడు ఉండితీరాలి. కాదు, వేరువేరు అంటారా, అప్పుడు ఒక్క ఒంట్లో ఎందరో 'నేను'లు పోగవుతారు. చూసేవాడు ఉండగానే వినేవాడు ఇంకొకడు వచ్చి పడతాడు. ఇక్కడ నాగార్జునుడు చేసేది ధ్యానం కాదు, శుద్ధ తర్కం. కానీ ఆ తర్కాన్ని ఎక్కించిన సరుకు మాత్రం రోజూ అందరికీ తెలిసిన చూపూ వినికిడే.

దీనికి ఎదురుజవాబు న్యాయశాస్త్రం ఇచ్చింది. నిజానికి బౌద్ధం కన్నా నైయాయికుల వాదమే మామూలు మనిషికి చప్పున ఎక్కుతుంది. కంటితో చూసినదాన్నే చేత్తో పట్టుకుని 'ఇది అదే' అంటున్నాం. కంటికి స్పర్శ తెలియదు, చర్మానికి రంగు తెలియదు. రెండూ ఒకే వస్తువువని తేల్చేవాడు ఆ రెండింటికీ వేరుగా ఒకడు ఉండాలి. న్యాయసూత్రాల మూడో అధ్యాయం ఇంద్రియాలకు వేరైన ఆత్మను నిలబెట్టడానికి మొదట పట్టుకున్న గుంజ ఇదే. కొద్ది సూత్రాల తర్వాత ఇంకో ఉదాహరణ: పుల్లటి పండు కంటపడితే చాలు, నోట్లో నీళ్ళూరతాయి. తెలుగువాడికి చింతకాయ చాలు, వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. చూసింది కన్ను, ఊరింది నోరు. మధ్యలో 'ఇది ఆనాడు తిన్న పులుపే' అని గుర్తుపట్టింది ఎవరు? నిన్నటి పులుపు ఒకడిది, ఇవాళ్టి చూపు మరొకడిది అయితే నోరు ఊరాల్సిన అవసరమేముంది?

తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు ఆంధ్రుడు. జ్ఞానానికి ఆశ్రయమైనదే ఆత్మ అనే న్యాయ నిర్వచనం ఆయన చిన్న పుస్తకం పుణ్యమా అని దేశంలో తర్కం చదివిన ప్రతి కుర్రవాడి నోటా నానింది. బౌద్ధులు దీనికి జవాబు చెప్పకపోలేదు. జ్ఞాపకం ఒక క్షణం నుంచి మరో క్షణానికి సంస్కారంగా అందుతుంది, మోసుకొచ్చే మనిషి అక్కర్లేదు అన్నారు. జవాబు ఉంది, కానీ దానితో అంత తేలిగ్గా ఊరట కలగదు. చింతకాయ వాదం ఈనాటికీ గట్టిదే.

ఇదే ప్రశ్నను కథగా చెప్పిన ఊరు కేసముద్రానికి దూరమేమీ కాదు. జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెర. పోతన భాగవతం చతుర్థ స్కంధంలో పురంజనుడి ఉపాఖ్యానం ఉంది. గజేంద్రమోక్షం, ప్రహ్లాదచరిత్ర నోటికొచ్చినవాళ్ళు ఊరికి పదిమంది దొరుకుతారు కానీ, పురంజనుణ్ణి తలిచేవాళ్ళు అరుదు. అది అన్యాయమనే అనిపిస్తుంది.

నారదుడు ప్రాచీనబర్హి అనే రాజుకు చెప్పిన కథ ఇది. పురంజనుడు అనే రాజు ఉండటానికి చోటు వెతుకుతూ తిరిగి తిరిగి తొమ్మిది వాకిళ్ళ పట్టణం ఒకటి చూస్తాడు. తూర్పున ఐదు, దక్షిణాన ఒకటి, ఉత్తరాన ఒకటి, పడమట రెండు. కళ్ళు రెండు, ముక్కురంధ్రాలు రెండు, నోరు, కుడి చెవి, ఎడమ చెవి, కింది ద్వారాలు రెండు అని లెక్క. ఊరిని కాపలా కాసేది ఐదు తలల పాము, అంటే పంచప్రాణాలు. ఊళ్ళో ఉన్న సుందరి బుద్ధి. రాజు ఆమెను చేపట్టి, ఒక్కో వాకిలి గుండా ఒక్కో దేశానికి వెళ్ళి వస్తుంటాడు. ఇంతవరకూ చాలా పురాణాల్లో కనిపించే రూపకమే. కథలోని అసలు పట్టు ఆ తర్వాత ఉంది. ఆమె తాగితే తానూ తాగుతాడు, ఆమె తింటే తింటాడు, నవ్వితే నవ్వుతాడు, ఏడిస్తే ఏడుస్తాడు, నిలబడితే నిలబడతాడు, వింటే వింటాడు. ఒక్క పని కూడా రాజు తనంతట తాను చేసింది లేదు. అయినా అన్నీ తానే చేస్తున్నాననుకుంటాడు. ప్రతి అనుభవానికీ అర క్షణం వెనక పరుగెత్తుకొచ్చి 'ఇది నాదే' అని సంతకం పెట్టే యజమానిని ఇంతకన్నా ఒడుపుగా చూపించిన కథ అరుదు.

అయితే భాగవతం అక్కడ ఆగదు. పురంజనుడు ముసలివాడై, ఊరు కాలి, భార్యను తలచుకుంటూ చచ్చి, మరుజన్మలో స్త్రీగా పుట్టి భర్త చితి దగ్గర ఏడుస్తున్నప్పుడు పాత నేస్తం 'అవిజ్ఞాతుడు' వచ్చి నువ్వు ఆ రాజువీ కాదు, ఈ స్త్రీవీ కాదని చెబుతాడు. అంటే రాజు ఉత్తుత్తివాడు, కానీ నేస్తం, అంటే ఈశ్వరుడు, ఉన్నాడు. అవే తొమ్మిది వాకిళ్ళ దగ్గర కూర్చుని అదే రాకపోకల్ని చూసిన బౌద్ధుడు లోపల ఎవరూ లేరంటాడు. భాగవతుడు రాజు లేడు గానీ దేవుడున్నాడంటాడు. కళ్ళారా చూసిన భాగం ఇద్దరిదీ ఒకటే. చూడటానికి కూర్చునే ముందు మనసులో మూటగట్టి తెచ్చుకున్నదే మిగతా సగాన్ని తేలుస్తోంది. ఈ రంగంలోని సాహిత్యమంతా తిరగేసినవాళ్ళకు మళ్ళీ మళ్ళీ ఎదురయ్యేది ఇదే.

మూటల కోసం తలలు కూడా తెగాయి. పాలకుర్తి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలో మల్లికార్జున పండితారాధ్యుడు చందవోలులో బౌద్ధాచార్యుడితో వాదానికి దిగుతాడు. తర్వాత పండితుడి శిష్యులు ఆ బౌద్ధుణ్ణి చంపడం, రాజు పండితారాధ్యుడి కళ్ళు తీయించడం, శివానుగ్రహంతో చూపు తిరిగి రావడం కథలో వరసగా వస్తాయి. చరిత్రగా అందులో ఎంత నిలుస్తుందన్నది వేరే సంగతి.

ఇరవయ్యో శతాబ్దికి వస్తే తెలుగువాళ్ళకు ఈ ప్రశ్న మూడు దారుల్లో అందింది. మొదటిది తిరువణ్ణామలై దారి. 1896లో మదురైలో పదహారేళ్ళ వేంకటరామన్ చావుభయం కమ్ముకుంటే నేల మీద శవంలా బిగుసుకుని పడుకుని, ఒళ్ళు పోతే పోయేదెవరని చూసుకున్నాడు. రమణ మహర్షి బోధ తర్వాత ఎంత విస్తరించినా దాని వేరు ఆ మధ్యాహ్నమే. చలం 1950లో అక్కడికి వెళ్ళి 1979లో కన్నుమూసే వరకూ ఉండిపోవడంతో తెలుగు పాఠకలోకంలో సగం ఆ గుమ్మం వైపు తల తిప్పింది. స్త్రీ శరీరం, ఆకలి, కోరిక గురించి అంత సూటిగా రాసిన మనిషి చివరికి ఇంద్రియాల నుంచి వెనక్కి తిరిగి 'నేను' పుట్టేచోటు వెతికే పద్ధతి దగ్గర ఆగడం విమర్శకులకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

రెండోది మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిది. 1929లో తన కోసం కట్టిన సంస్థనే రద్దు చేసిన మనిషి. పద్ధతి అంటూ ఏదీ లేదని జీవితాంతం చెబుతూనే, చెట్టునూ కోపాన్నీ పేరు పెట్టకుండా చూడమన్నాడు. చూసేవాడు చూడబడే దానికి వేరు కాదన్నది ఆయన వాదం. రమణులు ఇంద్రియాల నుంచి వెనక్కి రమ్మంటే, జేకే ఇంద్రియాలన్నిటినీ ఒక్కసారి పూర్తిగా తెరవమన్నాడు. రెండూ ఒకటేనని సర్దిచెప్పేవాళ్ళు సభల్లో తరచూ కనబడతారు. అవి ఒకటి కావు.

మూడోవాడు ఆ ఇద్దరినీ ఎదురుగా కూర్చుని నిలదీసినవాడు. 1918లో మచిలీపట్నంలో పుట్టి, గుడివాడలో పెరిగి, 2007లో ఇటలీలో పోయిన యు.జి. కృష్ణమూర్తి. 1967లో స్విట్జర్లాండ్‌లోని సానెన్‌లో తన ఒంట్లో వచ్చిన మార్పును ఆయన జ్ఞానోదయం అనలేదు, విపత్తు అన్నాడు. అప్పటినుంచి ఇంద్రియాలు దేనికది విడిగా పనిచేస్తున్నాయనీ, వాటిని కలిపి కథ అల్లేవాడు లేడనీ చెప్పేవాడు. సాక్షిగా ఆయన విలువైనవాడే. కానీ ఆయన మాట సరిచూసుకునే మార్గం లేదు. ఏం చేస్తే అలా అవుతుందని అడిగితే, ఏం చేసినా కాదని తిట్టి పంపేవాడు. నైయాయికుడు ఎదురుపడి ఉంటే ఒకటి అడిగేవాడు: విడివిడి ఇంద్రియాల సంగతి ఇన్నేళ్ళు గుర్తుపెట్టుకుని చెబుతున్నది ఎవరయ్యా?

ఇవన్నీ మాటలు. పనిగా చేయించే చోటు వేరే ఉంది. బర్మాలో సయాజీ ఊ బా ఖిన్ దగ్గర నేర్చుకుని 1969లో భారతదేశానికి వచ్చిన ఎస్.ఎన్. గోయెంకా విపస్సన పరంపరలో హైదరాబాద్ వనస్థలిపురం దాటాక, నాగార్జునసాగర్ రోడ్డులో ధమ్మఖేత్త కేంద్రం 1976లో మొదలైంది. పది రోజులు మౌనం, ఫోన్ ఉండదు, పుస్తకం ఉండదు. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరి రాకపోకల్ని కనిపెట్టడమే పని. నాలుగో రోజు నుంచి నడినెత్తి మొదలు కాలివేళ్ళ దాకా ఒళ్ళంతా భాగం భాగంగా సంవేదనల్ని గమనించాలి. ఆ తర్వాత రోజుకు మూడుసార్లు గంటసేపు కాలూ చెయ్యీ కదపకుండా, కళ్ళు తెరవకుండా కూర్చునే నియమం వస్తుంది.

ఆ గంటలో జరిగేది దగ్గరగా చూడదగ్గది. ఇరవై నిమిషాలకు మోకాలు పట్టేస్తుంది. మొదట అది ఒకే ముద్ద: నా మోకాలు, నా నొప్పి, ఇక భరించలేను. కదపకుండా దాని మీదే దృష్టి నిలిపితే ముద్ద విడిపోవడం మొదలవుతుంది. ఒక అంచున వేడి, మధ్యలో ఒత్తిడి, పక్కన సూదులు గుచ్చినట్టు, ఇంకోచోట నాడి కొట్టుకోవడం. వేటికవి వచ్చి పోతుంటాయి. ఏ ఒక్కటీ ఒంటరిగా భరించలేనంతది కాదు. 'భరించలేను' అన్నది కూడా మధ్యమధ్య తలెత్తి పోయే ఇంకొక సంగతిగా కనిపిస్తుంది. ఇది మార్మికులకే దక్కే అనుభవమేమీ కాదు. కోర్సు నుంచి తిరిగొచ్చిన లెక్చరర్లు, గృహిణులు, ఆర్టీసీ ఉద్యోగులు దాదాపు ఇదే మాట చెబుతారు.

కానీ ప్రతి సాయంత్రం ప్రవచనం ఉంటుంది. సంవేదనలు అనిత్యం, అనాత్మ అని అందులో ముందే చెబుతారు. కనిపించబోయేది ఫలానా అని తెలిసి కూర్చున్నవాడికి అదే కనిపించడాన్ని రుజువుగా ఎంతవరకు తీసుకోవాలి? అనిత్యం మాట వరకు పేచీ లేదు, వచ్చినవి పోతున్నాయని ఎవరైనా చూడగలరు. అనాత్మ దగ్గరే చిక్కు. వెతికితే యజమాని దొరకలేదు అనడం ఒకటి, యజమాని లేడు అనడం ఇంకొకటి. స్కాట్లాండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1739లో అచ్చంగా ఈ వెతుకులాటే చేశాడు. లోపలికి చూస్తే ఎప్పుడూ ఏదో ఒక వేడి, చలి, ప్రేమ, ద్వేషమే తగులుతున్నాయి తప్ప 'నేను' తగలడం లేదు, మనిషి అనుభవాల మూట మాత్రమే అన్నాడు. మరుసటి ఏడు అనుబంధంలో ఆ మూట కట్టిన దారమేదో తనకు అంతుబట్టలేదని ఒప్పుకున్నాడు. చింతకాయ ఎడిన్‌బరాకీ చేరిందన్నమాట.

ప్రయోగశాలలు ఈ పంచాయితీలో ఏం తేల్చాయి? పూర్తిగా తేల్చలేదు గానీ, 'నాది' అనే భావం ఎంత తేలిగ్గా జారుతుందో చూపించాయి. 1998లో బాట్వినిక్, కోహెన్ చేసిన రబ్బరు చేయి ప్రయోగం ఎవరింట్లోనైనా చేసుకోవచ్చు. అసలు చేతిని అడ్డుతెర వెనక పెట్టి, కళ్ళముందు రబ్బరు చేయి ఉంచి, రెండింటినీ ఒకే లయలో కుంచెతో నిమరాలి. కొద్ది నిమిషాల్లో చాలామందికి స్పర్శ రబ్బరు చేతిలోనే తెలుస్తున్నట్టు, అది తమదే అయినట్టు అనిపిస్తుంది. లయ తప్పిస్తే ఆ భ్రమ బలహీనపడుతుంది. కంటి కబురూ చర్మం కబురూ కలిసిన చోట 'నాది' ముద్ర పడుతుందన్నమాట. నైయాయికుడు ఆత్మకు రుజువుగా చూపిన కలయికే ఇక్కడ ఆత్మభావం పుట్టే కార్ఖానాగా బయటపడింది.

రైల్లో తిరిగే మనిషికి ఈ భ్రమకు ప్రయోగశాల కూడా అక్కర్లేదు. కాజీపేట–విజయవాడ లైన్లో కేసముద్రం స్టేషన్లో బండి ఆగి ఉండగా పక్క పట్టాల మీది గూడ్సు కదిలిందంటే, కిటికీ పక్కన కూర్చున్నవాడికి తానే కదిలినట్టు అనిపిస్తుంది. అవతలి కిటికీలోంచి కదలని ప్లాట్‌ఫాం కనిపించేదాకా ఆ నమ్మకం పోదు. ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మాఖ్ ఇలాంటి భ్రమల్ని పందొమ్మిదో శతాబ్దిలోనే పరిశీలించాడు. 1886లో అచ్చయిన పుస్తకంలో ఎడమకంటితో తనను తాను చూసుకుంటే కనిపించేదాన్ని బొమ్మగా గీశాడు: కనుబొమ అంచు, ముక్కు వార, మీసం, ఆపైన చాచిన కాళ్ళు, గది. తల మాత్రం ఎక్కడా లేదు.

దీనికి రెండోవైపు కూడా ఉంది. ఇంగ్లండ్‌కు చెందిన ఇయన్ వాటర్‌మన్ 1971లో, పందొమ్మిదేళ్ళ వయసులో జ్వరం తర్వాత మెడ కింద స్పర్శనూ, అవయవాలు ఎక్కడున్నాయో తెలిపే లోపలి ఎరుకనూ కోల్పోయాడు. కండరాలు బాగానే ఉన్నాయి, కానీ చూడకపోతే చేయి ఎక్కడుందో తెలియదు. కంటితో ఒక్కో కదలికనూ నడిపిస్తూ మళ్ళీ నడక నేర్చుకున్నాడు. దీపం ఆరితే కూలబడేవాడు. ఒంటి నుంచి వచ్చే కబుర్లలో అంత భాగం తెగిపోయినా ఆయన 'నేను' పోలేదు. పైగా ఆ నడక నేర్చుకున్న పట్టుదల చూస్తే అది గట్టిపడిందేమో అనిపిస్తుంది. సంవేదనల మూటే మనిషి అనేవాళ్ళు ఈ కేసు దగ్గర కాసేపు ఆగాలి.

అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంద్రియానుభవాన్ని నేరుగా గమనించడం ఒక పని కచ్చితంగా చేస్తుంది. 'నాది, నేను చేశాను, నేను భరించలేను' అనే ఒక్కో దావాను విడిగా బోనెక్కించి, చాలావాటిని కొట్టేస్తుంది. అన్ని దావాలూ దాఖలు చేసినవాడు ఒకడున్నాడా లేడా అన్నది చూపుకు అందదు. అక్కడ బౌద్ధుడు, భాగవతుడు, నైయాయికుడు తలా ఒక మాట అంటారు. చూపుతోనే తేల్చేశామని చెప్పేవాళ్ళ మాటను కాస్త తగ్గించి వినడం మంచిది.

ఒక్క విషయం మాత్రం ఉపన్యాసాల్లో సరిగ్గా రాదు. 'నేను' సడలడం అందరికీ ఊరటే కలిగించదు. తనను తాను బయటినుంచి చూస్తున్నట్టు, ఒళ్ళు తనది కానట్టు, లోకం తెర వెనక ఉన్నట్టు తోచడం మానసిక వైద్యులు చికిత్స చేసే స్థితి కూడా. అమెరికాలో లిండాల్, బ్రిటన్ బృందం 2017లో ప్రచురించిన పరిశోధనలో పాశ్చాత్య దేశాల బౌద్ధ ధ్యానసాధకులు, బోధకుల్ని ప్రశ్నించి, సాధనలో తలెత్తే భయం, నిద్రలేమి, ఆత్మభావం చెదిరిపోవడం వంటి అనుభవాలను వర్గాలుగా విడదీసి నమోదు చేశారు. కొందరికి అవి వచ్చి పోయాయి, కొందరికి ఏళ్ళ తరబడి నిలిచాయి. విపస్సన కోర్సు దరఖాస్తులో మానసిక అనారోగ్యం, వాడుతున్న మందుల గురించి అడిగే ప్రశ్నలు ఇందుకే ఉంటాయి. సీటు రాదేమోనని వాటి దగ్గర 'లేదు' అని రాసేవాళ్ళుంటారు. పది రోజులు నోరు విప్పకుండా తన లోపలే కూర్చోబోయే మనిషి గురించి బోధకుడికి ముందుగా తెలిసేది ఆ కాగితం మీద ఉన్నంతే.